ఇతరములు

హల్ బస్టాండు వెనక, టికెట్ల గదిని ఆనుకుని
పోగొట్టుకున్నవి దాచే కొట్టు ఒకటుంది.
గొడుగులు, కట్టుడు పళ్ళు, ఒంటి బూట్లు,
పెళ్ళి కేకు తాలూకు ఖాళీ పెట్టె.
వాటికి నంబర్లు వేసేది డోరీన్ స్టాథర్స్.
ఆ నంబర్లకి పిలిస్తే పలకడం నేర్పేది నేను.

నా పని చిన్నది.
డేటాబేసులో ప్రతి వస్తువూ ఒక వరస.
వరసలోంచి మాటలు ఒలిచి, తోకలు కోసి,
అకారాదిగా పేర్చి
ఏ మాట ఏ వస్తువు దగ్గర కాపురముందో
వేరే పుస్తకంలో రాసిపెట్టడం.
ఎవరైనా అడిగితే కొట్టు తలుపు తియ్యను,
ఆ పుస్తకమే తిప్పుతాను.

తోకలు కొయ్యడం ఇంగ్లీషులో సుళువు.
గ్లవ్స్‌కి చివర ఒక్క అక్షరం రాలిస్తే చాలు.
గొడుగులోంచి, గొడుగులకే, గొడుగైనా, గొడుగేది అంటూ
మన మాటలు తెచ్చి కుప్ప పోస్తే
ఆ రంపం మధ్యాహ్నానికే మొద్దుబారేది.

అది, ఇది, ఒక, నాది:
బరువు లేనివని ముందే జల్లించి పారేస్తాను.
నాది అన్న మాట ఏ వెతుకులాటకీ సాయపడదు.
అందరూ అదే అంటారు.

ఫిబ్రవరి. హంబర్ మీంచి గాలి అడ్డంగా కొడుతోంది.
దొరకనివాళ్ళ చిట్టా చదువుతున్నాను, టీ చల్లారిపోతోంది.
పొద్దున్న ఆరూ పదికి: మౌతార్గాన్. సున్నా.
మర్నాడు ఆరూ పదికి, మౌత్, ఆర్గాన్ అని విడదీసి. సున్నా.
మూడోనాడు హార్మోనికా.
తర్వాత స్పెల్లింగు మార్చి, ఇంకోసారి మార్చి.
పదకొండోనాడు:
నోటితో వాయించేది, పాతది, నాది.
సున్నా.

డోరీన్‌కి ఫోను చేశాను.
"అదా? మూడో అరలో ఉంది కదమ్మా,
వచ్చి రెండు వారాలైంది."

వరస తెరిచాను.
పేరు: ఇతరములు. రకం: లోహం. రంగు దగ్గర ఒక గీత.
ఉన్నదంతా అడుగున, గమనిక అనే గడిలో:
'మౌతార్గాన్. నూట అయిదో నంబరు బస్సు, మేడ మీద,
వెనక సీటు. పిప్పరమెంటు వాసన.
కుడి నుంచి మూడో స్వరం పలకదు.
ఊది చూశాను. తప్పే.'

ఆ గడిని వదిలేసింది నేనే.
సోది ఎక్కువ, చోటు దండగ అని
రెండేళ్ళ కిందట మీటింగులో అన్నది ఈ నోరే.
చంకలో పిల్లని పెట్టుకుని
పదకొండు పొద్దులు ఊరంతా తిప్పాను
మొహం తెలియని మనిషిని.

దిద్దడానికి ఒక్క లైను.
జాబితా చివర కామా పెట్టి, గమనిక అని చేర్చాను.
నలభై ఒక్క వేల రెండు వందల పదహారు వస్తువులు
మళ్ళీ మొదట్నుంచి నోళ్ళు విప్పాయి.
తెల్లారేదాకా డోరీన్ గొంతే:
పాపం, లోపలిదాకా తడిసింది.
అచ్చం మా అత్త కోటు.
దీన్ని ఎవరూ అడగరు, నాకు తెలుసు.
జేబులో బస్సు టికెట్టు, వెనక ఒక కూడిక, తప్పు.

ఆరూ పది. మౌతార్గాన్.
ఒకటి.

శుక్రవారం ఇచ్చేశానంది డోరీన్.
ఎవరు, ఎలా ఉన్నారు అని నేను అడగలేదు.
తను చెప్పబోతుంటే ఇంకో గొడుగు వచ్చింది, ఫోను పెట్టేసింది.
వరస చెరిపేసింది సరే,
చెరిపిన కబురు నా పుస్తకానికి అందలేదు.
వెతికితే ఇప్పటికీ పైకి తేలుతోంది,
నొక్కితే తెల్ల పేజీ.

ఇదీ నా తప్పే, రెండు నిమిషాల పని.
సోమవారం చేస్తాను.
అందాకా ఎవరైనా మౌతార్గాన్ అని కొడితే
ఒకటి ఉందంటుంది, ఉండనీ.